రెండో అంకంలో పాట

ఒక మనిషి పాట రాయలేకపోవడం గురించి రెండు గంటల సినిమా తీస్తే ఎవరు చూస్తారు? నేను చూశాను. చూసిన రాత్రే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూశాను. దాని పేరు 'టిక్, టిక్... బూమ్!'. 2021 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. న్యూయార్క్ కథ, అక్కడి నాటకాలవాళ్ల కథ. చూస్తున్నంతసేపూ నాకు మాత్రం రాజోలు పక్కన కాలవ గట్టు మీద మా మావయ్య టైలరింగు కొట్టే గుర్తొస్తూ ఉంది.

చూడనివాళ్ల కోసం ముందు సినిమా సంగతి చెబుతాను. అందులో హీరో జొనాథన్ లార్సన్ నిజంగా బతికిన మనిషి. పాటలతో నడిచే నాటకాలు రాసేవాడు, బాణీలు కూడా తనే కట్టుకునేవాడు. సినిమాలో కథ 1990 జనవరి చివర్లో మొదలవుతుంది. ఇంకో వారంలో అతనికి 30 ఏళ్లు నిండుతాయి. మూన్‌డాన్స్ డైనర్ అనే చిన్న హోటల్లో టేబుళ్ల దగ్గర సర్వ్ చేస్తూ, మిగిలిన టైమంతా 'సుపర్బియా' అనే మ్యూజికల్ మీద పెడుతున్నాడు. జార్జ్ ఆర్వెల్ నవల '1984'ని మ్యూజికల్‌గా చేద్దామనుకుంటే హక్కులు దొరక్కపోతే, సొంతంగా అల్లుకున్న భవిష్యత్తు కథ అది. ఏళ్ల తరబడి రాశాక, దాన్ని నిర్మాతల ముందు పాడి వినిపించే వర్క్‌షాప్ ఒకటి కుదిరింది. తీరా చూస్తే రెండో అంకంలో హీరోయిన్ పాడాల్సిన పాట ఒకటి లేదు. అక్కడ పాట పడకపోతే నాటకం నిలబడదని చూసినవాళ్లు అంటున్నారు. అతనికీ తెలుసు. కంప్యూటరు ముందు కూర్చుంటాడు, ఒక మాట కొడతాడు, చెరిపేస్తాడు.

మ్యూజికల్ అంటే మనకి అలవాటైన పద్ధతి వేరు. కథ కాసేపు ఆగుతుంది, పాట వస్తుంది, మళ్లీ కథ కదులుతుంది. ఇందులో అలా ఉండదు. లార్సన్ ఒక స్టేజీ మీద పియానో ముందు కూర్చుని, పక్కన ఇద్దరు గాయకులు, వెనక చిన్న బ్యాండు పెట్టుకుని తన కథ తనే చెబుతుంటాడు. చెబుతున్నది అంతలోనే మన కళ్ల ముందు జరిగిపోతుంటుంది. స్టేజీ మీద మొదలైన పాట వంటింట్లో పూర్తవుతుంది. ప్రేమించిన అమ్మాయితో గొడవ పడుతుంటే, అదే గొడవని స్టేజీ మీద ఇద్దరు నవ్వుతూ హుషారుగా డ్యూయెట్‌లా పాడుతుంటారు. ఒక షాటు ఏడుపు, ఒక షాటు నవ్వు. పాట రావడం లేదని కుమిలిపోయే మనిషి చుట్టూ అన్నీ పాటలే. పుట్టినరోజు భయం ఒక పాట, స్నేహితుడి కొత్త ఫ్లాటు ఒక పాట, ఆదివారం పొద్దున్న హోటల్లో రద్దీ ఒక పాట. కావాల్సిన ఆ ఒక్కటీ తప్ప.

డైరెక్టరు లిన్-మాన్యువల్ మిరాండాకి ఇదే మొదటి సినిమా. 2014లో ఆయనే లార్సన్ పాత్రని న్యూయార్క్ స్టేజీ మీద వేశాడు. బయట నుంచి చూసి తీసిన సినిమాలా అనిపించకపోవడానికి అదొక కారణమేమో. సినిమాలో ఆ వేషం వేసిన ఆండ్రూ గార్‌ఫీల్డ్ దానికోసం పాడటం నేర్చుకున్నాడు. ఆస్కార్ నామినేషన్ వచ్చింది కూడా. నన్ను కట్టిపడేసింది మాత్రం అతని గొంతు కాదు, ఆ పాట రాని రోజుల్లో అతని చేతులు. అవి ఊరుకోవు. బల్ల మీద, గోడ మీద, మనుషుల మీద ఎప్పుడూ ఏదో వాయిస్తూనే ఉంటాయి.

మా మావయ్య చేతులూ అంతే.

1990 జనవరి అన్నాను కదా. సరిగ్గా ఆ జనవరిలోనే సంక్రాంతి నాటకానికి మా మావయ్య దగ్గర రెండో అంకంలో పాట ఒకటి ఆగిపోయింది. నేనప్పుడు ఏడో తరగతి. పండగ సెలవులకి అమ్మమ్మగారి ఊరు వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా నా మకాం మావయ్య కొట్లోనే. వంతెన దిగగానే ఎడమ చేతి పక్క రేకుల షెడ్డు. మావయ్య మిషను రోడ్డు వైపు, కాజాలు కుట్టే కుర్రాడు లోపల మూల. కటింగు బల్ల కింద రంగురంగుల పీలికలు పోగుపడి ఉండేవి. బొగ్గుల ఇస్త్రీ పెట్టె, దారపు రీళ్లు గుచ్చిన చెక్క, పైన తీగకి వేలాడే జాకెట్లు, వాటికి గుండుసూదితో గుచ్చిన పేర్ల చీటీలు. వెనక తలుపు తీస్తే కాలవ రేవు.

టైలరుకి సంక్రాంతిని మించిన సీజను లేదు. సార్వా కోతలై, ధాన్యం డబ్బులు చేతిలో పడేది అప్పుడే. ధనుర్మాసం వచ్చిన దగ్గర్నుంచి కొట్టు ముందు జనం కదిలేవారు కాదు. పిల్లల గౌన్లు, ఆడపిల్లల లంగావోణీలు, కొత్తల్లుళ్ల ప్యాంట్లు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా మిషను ఆడుతూనే ఉండేది. ఆ చప్పుడులోనే మావయ్య పాటలు కట్టేవాడు. పెడలు తొక్కే లయ ఒకటి ఉంటుంది, పొడుగు కుట్టుకి ఒకలాగా, వంపు దగ్గర ఇంకోలాగా. ఆయన పదం ఆ లయ మీదే కూర్చునేది. ఒక లైను కుదిరితే తల ఎత్తకుండా, "అమ్మడూ, రాసుకో" అనేవాడు. బిల్లు బుక్కు వెనక పెన్సిలుతో రాసేదాన్ని.

మా ఊళ్లో ఏటా పండక్కి ఒక సాంఘిక నాటకం వేసేవారు. ముక్కనుమ రాత్రి, రామాలయం ముందు పందిట్లో. డైరెక్షను హైస్కూలు తెలుగు మాస్టారిది. హార్మోనియం పక్క ఊరి నుంచి వచ్చే ఒక పెద్దాయనది. మా పక్క నాటకం పిచ్చి కొత్తదేం కాదు. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో నాటకం ఆడించిన దగ్గర్నుంచీ గోదారి జిల్లాలకి అది పట్టుకుంది. పడవ దాటి పోతే పాలకొల్లు. అక్కడి అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు స్టేజీ మీద నుంచే సినిమాల్లోకి వెళ్లారు. ఆ పేర్లు చెప్పుకుంటూనే మా ఊరి కుర్రాళ్లు ముఖాలకి రంగు పూసుకునేవారు. పందిట్లో బాగా పండితే పరిషత్తు పోటీలకి పట్టుకెళ్లాలని అందరికీ ఆశ.

ఆ ఏడు కథ 1986 వరద. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదారి 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. 17 లక్షలు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. దానికి రెట్టింపు నీళ్లు. ఏటి మధ్య లంక ఊళ్లు మునిగాయి, గట్లు తెగాయి. నాటకం వేసేనాటికి అది జరిగి నాలుగేళ్లు కూడా నిండలేదు. మొదటి అంకంలో లంకలోని ఒక కుటుంబం పశువుల్ని విప్పేసి, పిల్లల్ని నాటు పడవ ఎక్కించి ఏటిగట్టు మీదికి చేరుకుంటుంది. రెండో అంకంలో వరద తీశాక తల్లి ఒక్కతే ఇంటికి తిరిగొస్తుంది. గుమ్మంలో అడుగు పెడుతుంది. అక్కడ మాటలు వద్దు, పాట ఉండాలి అన్నారు మాస్టారు.

మిగతా పాటలన్నీ కార్తీకంలోనే అయిపోయాయి. వరద రాకముందు పొలంలో హుషారు పాట, పడవ పాట, గట్టు మీద పులిహోర పొట్లాల కోసం తోసుకునే జనం మీద ఒక పాట. ఇది మాత్రం కదల్లేదు.

పాట ఆగిపోయిన మనిషి ఖాళీగా కూర్చుంటాడని అనుకుంటాం. లార్సన్ ఎక్కడైనా ఖాళీగా ఉన్నాడా? పార్టీ ఇస్తాడు, అందరికీ ఫోన్లు చేస్తాడు, స్నేహితుడి ఆఫీసులో ఏదో మీటింగుకి వెళ్తాడు, వర్క్‌షాప్‌లో వాయిద్యాలు ఎన్నుండాలని దెబ్బలాడతాడు. మావయ్య కూడా అంత పనిలో ఎప్పుడూ లేడు. మిషనుకి నూనె పోసేవాడు, పోసిన గంటకే మళ్లీ పోసేవాడు. చాక్‌పీసుని బ్లేడుతో సన్నగా చెక్కి, చెక్కి, చివరికి అరగదీసేసేవాడు. చిక్కుపడ్డ దారాలన్నీ ముందేసుకుని విప్పేవాడు. సాయంత్రం జనం ఉండగానే సైకిలేసుకుని ఏటిగట్టు దాకా పోయి వచ్చేవాడు. బిల్లు బుక్కులో ఎవరిదో చొక్కా ఛాతీ 36, చెయ్యి 23, దాని పక్కనే 'తల్లి నడిచిన వాకిలి' అని రాసి, మీద అడ్డంగా రెండు గీతలు. పేజీ తిప్పితే అదే మాట ఇంకో రకంగా, మళ్లీ గీతలు.

"ఏవండీ, పాటేమైందండీ?" అని మాస్టారు రోజూ వచ్చి అడిగేవారు.

"ఆయ్, అవుద్దండి" అనేవాడు మావయ్య.

తల్లి వేషానికి కాకినాడ నుంచి ఆర్టిస్టుని పిలిపిస్తున్నారు. ఆవిడ భోగి నాటికి దిగుతుంది. పాట ముందే పంపించాలి, ఆవిడకి వేరే ఊళ్లలో కూడా నాటకాలున్నాయి. మాస్టారి టెన్షన్ అది. హార్మోనియం పెద్దాయన మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు, ఏదో హిట్టు పాట వరస తీసుకుని మాటలు పెట్టెయ్యమని. అప్పట్లో అందరూ చేసే పనే. మావయ్య కూడా చేసేవాడు. కానీ ఆ రోజు, "మిగతా పాటలకి సరిపోద్దండి. ఆ తల్లికి సరిపోదు" అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు నేను.

ఆ తల్లి ఎవరో నాకు అప్పుడు తెలియదు. మా అత్తయ్యది గోదారి వశిష్ట పాయలో ఒక లంక. 1986 ఆగస్టులో ఆవిడ పురిటికని పుట్టింట్లో ఉంది. పసిపిల్లతో పడవెక్కి గట్టు మీదికొచ్చింది. వరద తీశాక వాళ్ల అమ్మతో కలిసి తిరిగి వెళ్లింది. మట్టి గోడలు కరిగిపోయి, నిట్రాళ్లు మాత్రం నిలబడి ఉన్నాయట. ఇదంతా నాకు పెద్దయ్యాక అమ్మ చెప్పింది. అత్తయ్య ఇంట్లో ఆ మాట ఎత్తేది కాదు, ఎవరూ ఎత్తేవారు కాదు. నాటకం కథ వరద మీద అని తేలిన రోజున మావయ్య ఇంటికొచ్చి ఏం చెప్పాడో, ఆవిడ ఏమందో నాకు తెలియదు. రాయాల్సిందంతా ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన దాని చుట్టూ తిరుగుతున్నాడు.

సినిమాలో నన్ను కుదిపేసిన సీను ఇక్కడే. లార్సన్, అతను ప్రేమించిన సూసన్ గొడవపడి, గొడవ చల్లారి దగ్గరికి తీసుకుంటారు. ఆమె అతని భుజం మీద తల పెట్టుకుంటుంది. అతని చేయి ఆమె వీపు మీద ఉంటుంది. ఆ వేళ్లు నెమ్మదిగా కదలడం మొదలుపెడతాయి, పియానో మెట్ల మీద కదిలినట్టు. ఆమె అది గమనిస్తుంది. మన గొడవని పాటగా ఎలా మార్చాలా అని ఆలోచిస్తున్నావు కదా అంటుంది. అతను కాదనలేడు. ఆమె వెళ్లిపోతుంది.

అక్కడ సినిమా ఆపి చాలాసేపు కూర్చున్నాను. రాసేవాళ్ల కష్టం గురించి కథలు, సినిమాలు చాలా ఉన్నాయి. రాసేవాడి పక్కన బతికేవాళ్ల బాధని ఇలా వీపు మీద వేళ్లతో చూపించినది నాకు తెలిసి ఇంకోటి లేదు. మావయ్యకి ఆ పాట రాకపోవడానికి మాటల కరువు కారణం కాదు. భార్య దుఃఖం మీద వేళ్లు ఆడించడానికి ఆయనకి చెయ్యి రాలేదు. లార్సన్ ఆడించాడు. ఇద్దరిలో ఎవరిది ఒప్పో నేను చెప్పను. కానీ ఆ వేళ్లు కదలబోయి ఆగిన మనిషిని నేను దగ్గర్నుంచి చూశాను. పాట ఆగిపోవడం వెనక అలాంటి కారణం కూడా ఉంటుందని ఈ సినిమా చూశాకే నాకు మాటల్లో అందింది.

పాట ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే నేను అక్కడే కూర్చుని హుక్కులు కుడుతున్నాను. మధ్యాహ్నం అత్తయ్య మావయ్యకి క్యారేజీ తెచ్చింది. బెంచీ మీద లంక నుంచి బట్టల కోసం వచ్చిన ఒకావిడ ఉంది. ఇద్దరూ మాటల్లో పడ్డారు. మీ అమ్మావాళ్లు మళ్లీ అక్కడే కట్టుకున్నారా అని అడిగింది ఆవిడ.

"ఎక్కడికి పోతారండి?" అంది అత్తయ్య, క్యారేజీ గిన్నెలు విప్పుతూ. "బురద తెచ్చిందీ గోదారే, కడుక్కోడానికి నీళ్లిచ్చిందీ గోదారే. దాని బురద దాని నీళ్లతోనే కడుక్కున్నాం."

మిషను ఆగింది. అత్తయ్య గమనించినట్టు లేదు, గమనించిందేమో కూడా. మావయ్య అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, మళ్లీ మిషను ఎక్కాడు. నాతో "రాసుకో" అనలేదు. రాత్రి ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు అడిగాడు. "మధ్యాహ్నం నువ్వన్న మాట... వాడుకోనా?"

అత్తయ్య చారు పోస్తోంది. పోయడం అయ్యాక, "వాడుకోండి. మా అమ్మ పేరు పెట్టొద్దు, మా ఊరి పేరు పెట్టొద్దు" అంది. అంతే.

ఆ రాత్రి కరెంటు లేదు. లాంతరు పెట్టుకుని అరుగు మీద రాశాడు. సినిమాలో కూడా వర్క్‌షాప్ ముందు రాత్రి లార్సన్ గదిలో కరెంటు పోతుంది, బిల్లు కట్టలేదు కాబట్టి. కంప్యూటరు లేదు, వెలుగు లేదు. స్విమ్మింగ్ పూల్‌కి పోయి ఈత కొడతాడు. నీళ్లలో మునిగి చూస్తుంటే అడుగున ఉన్న గీతలు స్వరాలు రాసుకునే గీతలైపోతాయి, వాటి మీద స్వరాలు తేలుతాయి. బయటికొచ్చి చేత్తో రాసుకుంటాడు. చాలా అందంగా తీసిన సీను. అది సినిమా అందం. అరుగు మీద మావయ్య రాయడంలో చూడ్డానికి ఏమీ లేదు. దోమలు కొట్టుకుంటూ, మధ్యమధ్యలో ఒత్తి పెంచుకుంటూ రాశాడు. తెల్లారేసరికి నాకు చదివి వినిపించిన పల్లవి ఇది:

ఏ నీట కడగనే నీ బురద గోదారీ
నీ నీట తప్పితే నాకేది దారీ

దాని కింద మొదటి చరణం:

పొయ్యిలో ఒండ్రాయె, పొదుగులో పాలింకె
పోయినోళ్ల తలపాయె, పొద్దింక పోదాయె

హార్మోనియం పెద్దాయన దీన్ని శివరంజనిలో పెడదామన్నారు. ఏడిపించడానికి అంతకన్నా మంచి రాగం లేదన్నారు. మావయ్య ఒప్పుకోలేదు. ఊడుపుల్లో ఆడవాళ్లు పాడుకునే వరసలాగా, గమకాలేమీ లేకుండా, నడుస్తున్నట్టు ఉండాలన్నాడు. ఇల్లు కడుక్కునే మనిషి ఏడుస్తూ కూర్చోదు, కడుగుతూనే పాడుతుంది అన్నాడు. పెద్దాయన కాసేపు గింజుకుని, చివరికి అలాగే కట్టారు. నేనైతే ఇప్పటికీ ఆ నిర్ణయమే ఆ పాటని నిలబెట్టిందంటాను.

ముక్కనుమ రాత్రి. కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి వచ్చిన చుట్టాలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, పందిరి నిండిపోయింది. ఆడవాళ్ల వైపు చాపల మీద అత్తయ్య, అమ్మమ్మ, నేను. కాకినాడ నుంచి వచ్చిన ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో చెంబుతో స్టేజీ మీదికొచ్చింది. వంగి గడప కడుగుతూ ఎత్తుకుంది పల్లవి. మైకు సరిగ్గా పని చెయ్యలేదు, వెనకవాళ్లకి సగం వినబడి ఉండదు. అయినా ఎవరూ గోల చెయ్యలేదు. నేను స్టేజీని చూడటం మానేసి అత్తయ్యనే చూశాను. ఆవిడ ఏడవలేదు. కళ్లు తిప్పుకోలేదు. పాట అయిపోయాక ఒళ్లో పడుకున్న పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. పొద్దున్న మావయ్యకి కాఫీ ఇస్తూ, "చెంబుతో కడగరండి. బొక్కెన ఉండాలి" అంది.

తర్వాత ప్రతి ప్రదర్శనలోనూ బొక్కెనే పెట్టారు.

ఈ సినిమా మీద నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి కూడా ఈ దగ్గరే. వర్క్‌షాప్‌లో ఆ పాటని ఇంకో గాయని పాడుతుంటే, లార్సన్ ఊహలో మేడ మీద నిలబడి సూసన్ అదే పాట పాడుతుంది. గొప్ప సీను, కాదనను. కానీ అది అతని ఊహలోని సూసన్. అసలు సూసన్‌కి ఆ పాట వింటే ఏమనిపించింది? తన మాటలు, తన బాధ వాయిద్యాల మధ్య వినబడుతుంటే ఆమె ఏమనేది? సినిమా ఆమెకి అంత చోటు ఇవ్వలేదు. ఆమెని కూడా ఆ హాల్లో ఒక కుర్చీలో కాసేపు కూర్చోబెట్టి ఉంటే ఇంకెంత బాగుండేది!

వర్క్‌షాప్ బాగా జరుగుతుంది. అందరూ మెచ్చుకుంటారు. మ్యూజికల్స్ రాయడంలో పేరుమోసినవాడు, లార్సన్ ప్రాణం పెట్టి ఆరాధించే స్టీఫెన్ సోండ్‌హైమ్ ఫోన్‌లో ఆన్సరింగ్ మెషిన్ మీద మెచ్చుకోలు వదులుతాడు. సినిమాలో వినబడే ఆ గొంతు నిజంగా సోండ్‌హైమ్‌దే. సినిమా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన వారానికి, 2021 నవంబరు 26న ఆయన పోయారు. ఇంత మెచ్చుకున్నాక కూడా 'సుపర్బియా' వెయ్యడానికి నిర్మాత ఒక్కరూ ముందుకు రారు. ఇప్పుడేం చెయ్యాలి అని అడిగితే అతని ఏజెంటు చెప్పే మాట ఒకటే, ఇంకోటి రాయడం మొదలుపెట్టు అని.

మా నాటకాన్ని కూడా పరిషత్తుకి పట్టుకెళ్లారు. ప్రైజు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు పడవలో అందరూ లైటింగు గురించి, మేకప్పు గురించి మాట్లాడుకున్నారట. ఇంకోటి రాయమని మావయ్యతో ఎవరూ అనలేదు. ఆ మాట అనే మనిషి ఒకరు ఉండటం ఎంత అదృష్టమో ఆ సీను చూస్తుంటే గుండె పట్టేసింది. లార్సన్‌కి ఆ మనిషి ఉంది, అతను రాశాడు. ముందు తన కథనే ఒక్కడే స్టేజీ మీద పాడుకుంటూ చెప్పాడు, ఈ సినిమాకి మూలం అదే. తర్వాత 'రెంట్' రాశాడు. 1996 జనవరి 25న అది మొదటిసారి ప్రేక్షకుల ముందుకు రావాలి. ఆ తెల్లవారుజామునే, గుండె దగ్గర పెద్ద రక్తనాళం చీలిపోయి అతను చనిపోయాడు. 35 ఏళ్లు. 'రెంట్'కి పులిట్జర్ బహుమతి వచ్చింది, నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది, న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్‌వేలో 12 ఏళ్లు ఆడింది. అవేవీ అతను చూడలేదు.

మావయ్య ఆ తర్వాత కూడా రాశాడు, పెళ్లి పాటలు, వినాయకుడి పందిట్లో పాటలు. నాటకానికి మాత్రం రాయలేదు. నాటకమే లేకుండా పోయింది కదా. కేబుల్ టీవీ వచ్చింది, మాస్టారికి ట్రాన్స్‌ఫరయింది. కొన్నాళ్లకి రెడీమేడ్ బట్టలు వచ్చి టైలరింగు కూడా తగ్గింది. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా పడిపోయినప్పుడు కొట్టు రేకులు ఎగిరిపోయాయి. బిల్లు బుక్కులు, నాటకం రాత ప్రతి అన్నీ నానిపోయాయి.

2022 సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఈ సినిమా మావయ్యకి, అత్తయ్యకి టీవీలో పెట్టి చూపించాను. మాటలు నేను చెబుతూ పోయాను. పాటలొచ్చినప్పుడు చెప్పొద్దన్నాడు మావయ్య, వినబడట్లేదని. హోటల్లో ఆదివారం పాట దగ్గర, ఎదురు గోడ పడిపోయి హోటలంతా స్టేజీ అయిపోతుంది, అక్కడ లేచి కూర్చున్నాడు. అది మళ్లీ పెట్టమన్నాడు. ఆ టేబుళ్ల దగ్గర కూర్చుని గొంతు కలిపినవాళ్లంతా బ్రాడ్‌వేలో పెద్ద పెద్ద నటులని చెబితే, "పాలకొల్లోళ్లందరినీ తీసుకొచ్చి నా కొట్లో కూర్చోబెట్టినట్టన్నమాట!" అని ఎంత సంబరపడ్డాడో. వీపు మీద వేళ్ల సీను వచ్చినప్పుడు అత్తయ్య మావయ్య వైపు చూసింది. "ఈయన అడిగారు" అంది నాతో, టీవీ వైపు తిరిగి. మావయ్య ఏమీ అనలేదు. ఈత కొలను సీను మాత్రం ఆయనకి నచ్చలేదు. నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి చూసుకోవాలి గాని పాటెక్కడ వస్తుందని వాదించాడు. రాసింది ఒడ్డుకొచ్చాకే కదా మావయ్యా అని నేను.

సినిమా అయ్యాక మా పాట పాడమని అడిగాను. పల్లవి, రెండు చరణాలు ఇద్దరికీ ఒకేలా వచ్చు. మూడోదాని దగ్గర పేచీ వచ్చింది. 'రుబ్బురోలొకటే కదలక కూచుంది' అని మావయ్య మొదలుపెడతాడు. కాదు, 'గుమ్మాన పసుపొకటి చెదరక మిగిలింది' అని అత్తయ్య. నేను రాశాను నాకు తెలియదా అంటాడు ఆయన. కడిగింది నేను అంటుంది ఆవిడ. రెండు రకాలుగానూ ఫోన్లో రికార్డు చేసుకున్నాను. 1990 ముక్కనుమ రాత్రి రాజోలు పక్కన ఆ పందిట్లో నాటకం చూసినవాళ్లు గాని, అందులో వేషం వేసినవాళ్లు గాని ఇది చదివితే, మూడో చరణం మీకు ఎలా గుర్తుందో చెప్పండి. మా ఇంట్లో ఇంకా తేలలేదు.